రంగు కింద అసలు రంగు!

తాతగారి అంబాసిడర్, నాన్న నడిపిన చేతక్... మూలనపడ్డ పాత బండికి మళ్లీ కళ తేవాలనుకోగానే అందరికీ ముందు గుర్తొచ్చేది రంగు. కానీ బండి రూపం నిలబడేది రంగుతో కాదు, దాని కింద ఉన్న రేకుతో. ఆ రేకును సుత్తితో మాట వినిపించే మేస్త్రీల పని గురించి...

హైదరాబాద్‌లో చౌమహల్లా ప్యాలెస్ చూడ్డానికి వెళ్లినవాళ్లు ఒక కారు దగ్గర తప్పకుండా ఆగుతారు. పసుపుపచ్చగా మెరిసిపోయే రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ అది. వెనకవైపు సింహాసనంలాంటి సీటు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ముచ్చటపడి దాన్ని చేయించమన్నారు. కారు చేతికి రాకముందే 1911లో ఆయన కన్నుమూశారు. అలా అది ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ సొంతమైంది. ఊరేగింపులకే తప్ప మామూలుగా బయటికి తీయకపోవడంతో తిరిగిన దూరం కూడా చాలా తక్కువ.

చూసినవాళ్లు ధర ఎంతని అడుగుతారు. మైలేజీ ఎంతని నవ్వుకుంటారు. ఆ మడ్‌గార్డుకు అంత చక్కని వంపు ఎలా వచ్చిందని మాత్రం ఎవరికీ అనిపించదు. నిజానికి ఆ రోజుల్లో రోల్స్‌రాయిస్ సంస్థ ఇంజినూ, చాసిస్సూ మాత్రమే తయారుచేసేది. పైన కనిపించే ఒళ్లంతా వేరేవాళ్ల పని. నిజాం కారుకు ఆ పని చేసింది లండన్‌లోని బార్కర్ సంస్థ. 1710 నుంచీ గుర్రపుబగ్గీలు చేసిన అనుభవం వాళ్లది. చెక్కతో చట్రం కట్టి, దానిమీద రేకును చేత్తో వంచి, కొట్టి, అతికించేవారు. రెండు కార్లు అచ్చు గుద్దినట్లు ఒకేలా ఉండాలన్న నియమమేం లేదు!

అచ్చు పోతే... అంతేనా?

ఇంతలో రోజులు మారాయి. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఎడ్వర్డ్ బడ్ అనే ఆయన 1912లో సంస్థ పెట్టి, పెద్ద పెద్ద ప్రెస్సులతో ఉక్కు రేకును అచ్చుల మధ్య నొక్కి కారు బాడీలు చేయడం మొదలుపెట్టాడు. 1914లో డాడ్జ్ సోదరులు తమ కార్లకు అవే తీసుకున్నారు. మేస్త్రీ రోజులతరబడి చేసే వంపు ప్రెస్సుకింద ఒక్క దెబ్బతో వచ్చేసింది. కార్లు చవకయ్యాయి, వేలూ లక్షలుగా తయారయ్యాయి. మన అంబాసిడర్ కూడా అలా అచ్చులో పుట్టిన కారే. బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్-3 దానికి మూలం. 1957లో మొదలై, 2014 మే నెలలో కోల్‌కతా దగ్గర ఉత్తర్‌పారా ఫ్యాక్టరీ ఆగేదాకా దాని రూపం పెద్దగా మారలేదు.

స్కూటర్ల సంగతీ అంతే. 1972లో వచ్చిన బజాజ్ చేతక్ ఒళ్లంతా ఉక్కు రేకే. బుక్ చేసి ఏళ్లతరబడి ఎదురుచూసిన ఇళ్లెన్నో. పెట్రోలు చేతక్ తయారీ ఎప్పుడో ఆగిపోయింది. 2020లో అదే పేరుతో రోడ్డెక్కింది కరెంటు స్కూటరు.

తయారీ ఆగాక అసలు చిక్కు మొదలవుతుంది. బండి ఆగిన కొన్నేళ్లకు అచ్చులూ పక్కకు పోతాయి. ఒకప్పుడు షాపులో దొరికిన మడ్‌గార్డు ఇప్పుడు దొరకదు. దొరికినా, ఎవరో చేసిన నకలు. బిగించబోతే ఒకచోట బోల్టు రంధ్రం కలవదు, మరోచోట తలుపుకూ దానికీ మధ్య వేలు పట్టేంత సందు. ఇక మిగిలింది ఒకటే దారి... ప్రెస్సు రాకముందు చేసినట్లే బల్లపరుపు రేకు తెచ్చుకుని చేత్తో చేసుకోవడం. వందేళ్లు వెనక్కి వెళ్లడమన్నమాట!

అప్పడం చెప్పే పాఠం

రేకును మడవడం ఎవరికైనా వస్తుంది. ట్రంకుపెట్టె చేయాలంటే నాలుగు మడతలు చాలు. కష్టమంతా రెండువైపులా వంపు తిరిగే చోట. ఒక కాగితం తీసుకుని గొట్టంలా చుట్టండి, ఇబ్బందే ఉండదు. అదే కాగితాన్ని ఫుట్‌బాల్‌కు చుట్టబోతే? ఎంత సర్దినా అంచుల్లో ముడతలు పడతాయి. మడ్‌గార్డు వంపు గొట్టం లాంటిది కాదు, ఫుట్‌బాల్ లాంటిది.

దీని గుట్టు వంటింట్లోనే ఉంది. పచ్చి అప్పడం బల్లపరుపుగా ఉంటుంది. నూనెలో పడగానే మెలికలు తిరుగుతుంది. అన్నిచోట్లా ఒకేలా సాగకపోవడమే కారణం. అంచు ఎక్కువ సాగితే దానికి చోటు చాలక అలల్లా లేస్తుంది. అంచు అలాగే ఉండి మధ్యలో సాగితే గిన్నెలా ఉబ్బుతుంది. రేకు కూడా అంతే. గిన్నె ఆకారం కావాలంటే మధ్యలో సాగదీయాలి, లేదా అంచును కుదించాలి. మేస్త్రీ చేసే పనంతా ఈ రెండింట్లోనే ఉంది.

సాగదీయడం సులువే. జొన్నరొట్టెను అరచేత్తో తడుతుంటే వెడల్పవుతూ పల్చబడుతుంది కదా... సుత్తిదెబ్బకు రేకూ అలాగే పల్చబడుతుంది. కానీ కారు బాడీకి వాడే 20 గేజ్ ఉక్కురేకు మందమే దాదాపు 0.9 మిల్లీమీటర్లు. అదేపనిగా సాగదీస్తే చివరికి చిరుగుతుంది. అందుకే అనుభవమున్నవాళ్లు మధ్యలో కొంత సాగదీసి, మిగతాది అంచును కుదించి రాబడతారు.

కుదించడమే అసలైన విద్య. విస్తరాకుతో దొన్నె కుట్టేటప్పుడు అంచును అక్కడక్కడ మడతపెట్టి పుల్ల గుచ్చుతారు. ఆ మడతల వల్లే ఆకు గిన్నెలా లేస్తుంది. మేస్త్రీ కూడా రేకు అంచులో దొన్నెకు పెట్టినట్లే చిన్న చిన్న ముడతలు పెడతాడు. ఆకుకైతే మడత అలాగే ఉండిపోతుంది. రేకుకు అలా కుదరదు. ముడత ఒకదానిమీద ఒకటి పడిపోకుండా చెక్క సుత్తితో కొస నుంచి మెల్లమెల్లగా కొడుతూ దాన్ని రేకులోనే కలిపేస్తాడు. పైకి ముడత మాయమవుతుంది. అక్కడ రేకు కాస్త మందమవుతుంది, అంచు కురచవుతుంది. చేయి జారి ముడత మడతపడిందా... అక్కడ రేకు పగిలినట్లే.

ఎడమ చెంప చూసి కుడి చెంప

ఇంత పని జరిగే షెడ్డులోకి వెళ్తే ఖరీదైన యంత్రాలేవీ కనిపించవు. నున్నటి ముఖం ఉన్న సుత్తులు, చెక్క సుత్తులు, అరచేతిలో ఇమిడే ఇనప దిమ్మలు, ఇసుక నింపిన తోలు సంచి, నడుమ గుంత తవ్విన చెట్టు మొద్దు, రేకు కత్తెరలు, ఆకురాళ్లు, గ్యాస్ వెల్డింగ్ సిలిండర్లు... అంతే. ఆ ఇనప దిమ్మలనే డాలీలంటారు. ఒకటి గుండ్రం, ఒకటి మడమ ఆకారం, ఒకటి రైలుపట్టా ముక్కలా ఉంటుంది. రేకు కింద ఏ వంపు కావాలో ఆ వంపున్న డాలీ పెట్టి పైనుంచి సుత్తితో కొడతారు.

కుడివైపు మడ్‌గార్డు తుప్పుపట్టి పోయిందనుకుందాం. కొత్తది చేయడానికి కొలతలెక్కడివి? ఎడమవైపుది బాగుందిగా! అద్దంలో చూసుకుంటే ఎడమ చెంప కుడి చెంపవుతుంది. మేస్త్రీ ఎడమ మడ్‌గార్డు మీద కాగితం పరిచి, అంచులు గీసి, కత్తిరించి తిరగేస్తాడు. అది కొలతకు పనికొస్తుంది. వంపు ఎంతో తెలియడానికి అట్టముక్కలను అక్కడక్కడ ఆనించి, ఆ ఒంపుకు సరిపోయేలా కత్తిరించుకుంటాడు. పెద్ద పనైతే చెక్కతో బండి ఆకారం కట్టుకుని, ప్రతి ముక్కనూ దానిమీద పెట్టి చూసుకుంటాడు.

తర్వాత రేకును కత్తిరించి, ఇసుక సంచి మీదో చెట్టు మొద్దు గుంతలోనో పెట్టి కొట్టడం మొదలవుతుంది. మొదటి గంటలో దాన్ని చూస్తే ఎవరికైనా కంగారు పుడుతుంది. అంతా గుంతలూ, బొడిపెలే. అలా ఉండాల్సిందే. ముందు ఆకారం రావాలి, నునుపు తర్వాత వస్తుంది. అట్టముక్కను ఆనించి చూడటం, నాలుగు దెబ్బలు కొట్టడం, మళ్లీ ఆనించి చూడటం... ఒక మడ్‌గార్డుకు ఇలా కొన్ని వందలసార్లు చేయాలి.

ఆకారం దగ్గరపడ్డాక డాలీ పని మొదలు. కింద డాలీ, పైన తేలికపాటి దెబ్బలు... వరసగా, ఒకదాని పక్కన ఒకటి. బయటి దేశాల్లో ఈ దశలో ఇంగ్లిష్ వీల్ అనే పరికరం ఎక్కువగా వాడతారు. పైన చదునైన చక్రం, కింద కాస్త ఉబ్బెత్తు చక్రం, మధ్యలో రేకు. దాన్ని ముందుకీ వెనక్కీ లాగుతుంటే నునుపవుతూ వంపు తిరుగుతుంది. మన దగ్గర ఎక్కువ షెడ్లలో ఆ పనికీ సుత్తీ, డాలీయే.

చివర్లో వచ్చే చిన్న చిన్న పనులే మడ్‌గార్డుకు బలాన్నిస్తాయి. ఇంట్లో పాత ఇనప బకెట్ ఉంటే దాని అంచు తడిమి చూడండి. లోపల తీగ పెట్టి రేకును దానిచుట్టూ మడిచి ఉంటారు. పాత మడ్‌గార్డుల అంచులకూ అదే పద్ధతి. దానివల్ల అంచు కోసుకోదు, ఊగదు. ట్రంకుపెట్టె మూత మీద గీతల్లా ఉబ్బెత్తు వరసలు ఉంటాయి చూశారా? అందం కోసమే అనుకుంటాం. అవి లేకపోతే పల్చటి రేకు మీద చేయి వేయగానే టకటకలాడుతుంది. కారు అడుగుభాగంలోనూ, తలుపుల లోపలా కనిపించే గాళ్లు అందుకే. బానెట్ పక్కన వేడిగాలి పోవడానికి ఉండే చీలికలైతే మరీ కష్టం. ఒక్కటి వంకరపోయినా వరసంతా వంకరగా కనిపిస్తుంది.

సబ్బు నల్లబడితే చాలు

కొడుతూపోతే రేకు వింటూనే ఉంటుందా అంటే, ఉండదు. ఇనప తీగను అటూఇటూ వంచుతుంటే మొదట తేలిగ్గా వంగుతుంది, తర్వాత మొండికేస్తుంది, చివరికి పుటుక్కున విరుగుతుంది. సుత్తిదెబ్బలు తిన్న రేకూ అలాగే గట్టిపడుతుంది. చప్పుడు కూడా మారుతుంది. మొదట్లో మొద్దుగా పలికేది కాస్తా ఖంగుమంటుంది. ఇక ఆపాలని మేస్త్రీకి చెవే చెబుతుంది.

అప్పుడు రేకును కాల్చి మెత్తబరచాలి. ఉక్కయితే ఎర్రగా కాలడం కంటికి కనిపిస్తుంది. అల్యూమినియంతోనే తంటా. అది ఎర్రబడదు. చూస్తుండగానే, 660 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా కరిగి కారిపోతుంది. మరి ఎంతవరకూ కాల్చాలో తెలిసేదెలా? దీనికి పాతకాలం పనివాళ్లు కనిపెట్టిన చిట్కా... సబ్బు! రేకు మీద మామూలు సబ్బుతో గీతలు గీసి వెనకవైపు నుంచి మంట పెడతారు. సబ్బు గీత గోధుమరంగులోకి తిరిగి నల్లబడగానే మంట తీసేస్తారు. రేకు మెత్తబడటానికి ఆ వేడి చాలు, కరగడానికి ఇంకా చాలా దూరముంది. చల్లారాక రేకు మళ్లీ మొదటిలా మాట వింటుంది.

చివరి సొట్ట ముందు తీయాలి

కొత్త ముక్క చేయడం ఒక ఎత్తు. ఉన్నదాన్ని బాగుచేయడం మరో ఎత్తు. బండికి గుద్దుకున్నప్పుడు రేకు ఎక్కడికీ పోదు. ఒకచోట లోపలికి పోతే పక్కన ఉబ్బుతుంది. కొత్తవాళ్లు లోతుగా ఉన్నచోట వెనకనుంచి ఒక్క పోటు పొడుస్తారు. సొట్ట బయటికొస్తుంది కానీ చుట్టూ ఉబ్బిన చోటు అలాగే గట్టిపడి ఉండిపోతుంది. తెలిసినవాళ్లు దెబ్బ ఏ వరసలో తగిలిందో ముందు చదువుకుంటారు. ముందు తగిలినచోటును చివర్లో, చివర మడతపడ్డ చోటును ముందుగా తీస్తారు. చిక్కుపడ్డ దారాన్ని విప్పినట్లే.

డాలీ పెట్టడంలోనూ రెండు రకాలున్నాయి. సరిగ్గా డాలీ మీదే సుత్తి పడితే రేకు మధ్యలో నలిగి సాగుతుంది. లోతున్నచోట కింద డాలీ ఆనించి, పక్కన ఉబ్బినచోట పైనుంచి కొడితే సాగకుండానే చదునవుతుంది. సొట్టలు తీయడంలో ఎక్కువ పని రెండోదానితోనే. ఏ దెబ్బ ఎక్కడ కొట్టాలో తెలియక అంతా మొదటి రకంగానే బాదితే రేకు అవసరానికి మించి సాగిపోతుంది. అప్పుడది నూనె డబ్బా అడుగులా ఒకసారి లోపలికీ, ఒకసారి బయటికీ టక్కుటక్కుమంటుంది.

దానికీ మందుంది. సాగినచోట రూపాయి బిళ్లంత మేర గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి, చుట్టూ తేలిగ్గా తట్టి, తడిగుడ్డతో అద్దుతారు. కాలినప్పుడు ఉబ్బిన రేకు చల్లారేటప్పుడు చుట్టూ ఉన్నదాన్ని కూడా లాక్కుంటూ ముడుచుకుంటుంది. ఒక బిళ్ల ఎక్కువ కాల్చినా తేడా కొడుతుంది.

తుప్పుపట్టినచోట ఈ చిట్కాలేవీ పనిచేయవు. మడ్‌గార్డు లోపల మట్టి పేరుకునే అంచులు, తలుపుల అడుగు, కాళ్లకింద మ్యాట్ వేసే చోటు... తుప్పుకు ఇష్టమైన స్థలాలివి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇంకా తొందరగా తింటుంది. గట్టి రేకు తగిలేదాకా కోసేసి, అంతే ఆకారంలో చిన్న ముక్క చేసి వెల్డింగ్‌తో అతకాలి. గీత పొడవునా ఒకేసారి అతికితే వేడికి రేకంతా వంకర్లుపోతుంది. అందుకే ఇక్కడొక చుక్క, అక్కడొక చుక్క పెట్టి, చల్లారనిస్తూ నింపుతారు. అతుకు చల్లారి ముడుచుకున్నచోట డాలీ పెట్టి కొట్టి మళ్లీ సాగదీస్తారు.

ఇంత జరిగాక పరీక్ష పెట్టేది కన్ను కాదు, చేయి. మేస్త్రీ అరచేతి కింద పల్చటి గుడ్డ వేసుకుని రేకుమీద మెల్లగా రాస్తాడు. గుడ్డ వల్ల అరచేయి ఎక్కడా ఆగకుండా జారుతుంది, చిన్న ఎత్తుపల్లాలు కూడా తెలుస్తాయి. తర్వాత ఆకురాయితో ఒకసారి రుద్దుతాడు. ఎత్తున్నచోట మెరుస్తుంది, పల్లమున్నచోట ఆకురాయి తగలక మసకగా ఉండిపోతుంది. ఆ మసక మచ్చల్ని ఒక్కొక్కటే కిందనుంచి లేపుతాడు.

లప్పం వెనక ఎవరున్నారు?

ఇక్కడే అసలు కథ. పైన చెప్పిన పని చేయడానికి రోజులు పడుతుంది. అదే సొట్టను గంటలో మాయం చేసే దారి ఒకటుంది. లప్పం! రెండు రకాల ముద్దలు కలిపి పూస్తే నిమిషాల్లో రాయిలా గట్టిపడుతుంది. గరుకు కాగితంతో రుద్ది రంగు వేస్తే ఎంత పనితనమున్నవాడు చేసిందైనా, పూత పూసిందైనా ఒకేలా మెరుస్తుంది.

లప్పం తప్పేమీ కాదు. రేకును వీలైనంత చదును చేశాక మిగిలిన సన్నటి తేడాలు సరిచేయడానికి పల్చగా పూస్తే ఏళ్లతరబడి ఉంటుంది. మందం మూడు మిల్లీమీటర్లు దాటకూడదన్నది మామూలుగా చెప్పే లెక్క. సొట్టను తీయకుండానే గుంతంతా నింపేసినా, తుప్పు మీదే పూసినా తిప్పలే. లప్పం తేమను పీలుస్తుంది. కింద రేకు తుప్పుపడుతూనే ఉంటుంది. ఎండకు ఇనుమూ, లప్పమూ ఒకేలా వ్యాకోచించవు. కొన్నాళ్లకు రంగు కింద పొక్కులు, ఆపైన పగుళ్లు. ఒకరోజు పెచ్చు ఊడి చేతికొస్తుంది.

తప్పంతా మేస్త్రీలదేనా అంటే, అలా అనలేం. ఏ షెడ్డులోనైనా కాసేపు నిలబడితే వినిపించే మాటలివి:

''పండక్కి ఊరెళ్లాలి మేస్త్రీగారూ, ఈలోపు ఇచ్చేయాలి.''

''రేకు పనికి టైమివ్వండి సార్. తొందరపడితే లప్పమే.''

''ఏదో ఒకటి చెయ్యండి. పైకి కనబడకపోతే చాలు!''

కనబడకపోతే చాలని బండి యజమానే అన్నాక, కనిపించనిచోట నాలుగు రోజులు ఒళ్లు వంచేదెవరు? చేసినా దానికి డబ్బులిచ్చేదెవరు? రంగు మెరుపుకు వెల కట్టినట్లు రేకు నునుపుకు కట్టరు. ఈ పనిలో ఉన్న కష్టమంతా చివరికి రంగు కింద దాగిపోతుంది. మంచి పనీ అక్కడే దాక్కుంటుంది, దొంగ పనీ అక్కడే దాక్కుంటుంది.

పెంబర్తిలోనూ ఇదే సుత్తి

రేకును చేత్తో మలచడం మనకు కార్లతో వచ్చింది కాదు. జనగామ జిల్లా పెంబర్తిలో ఇత్తడి రేకు మీద దేవతామూర్తులూ, లతలూ తేల్చే పనివాళ్ల దగ్గర చూడొచ్చు. రేకును కాల్చి మెత్తబరచడం, కొట్టడం, గట్టిపడితే మళ్లీ కాల్చడం... అక్కడా ఇదే వరస. ఇసుక సంచికి బదులు వాళ్లు లక్క లాంటి మెత్తటి పరుపు వాడతారు. కాకతీయుల కాలం నుంచి వస్తోందని చెప్పుకునే ఈ పనికి 2010లో భౌగోళిక గుర్తింపు దక్కింది. గుళ్లలో తలుపులకూ, ధ్వజస్తంభాలకూ చేసే తాపడం కూడా రేకు పనే.

తేడా ఒక్కటే. పెంబర్తి రేకు మీద సుత్తి గురుతు కనిపిస్తేనే అందం. దాన్ని చూసి కొంటారు, గోడకు తగిలిస్తారు. కారు మేస్త్రీ పనిలో సుత్తి గురుతు కనిపించకూడదు. ఎంత బాగా చేస్తే అంతగా మాయమైపోవాలి. బహుశా అందుకే ఒకరిని కళాకారుడంటాం, ఇంకొకరిని టింకరింగ్ మేస్త్రీ అని ఊరుకుంటాం.

కొత్త కారుకు అక్కర్లేని విద్య

ఈ మేస్త్రీల సంఖ్య తగ్గిపోవడానికి ఎవరి కుట్రా అక్కర్లేదు. కొత్త కార్లు వాళ్ల చేతికి అందకుండా తయారవుతున్నాయి. బంపర్లు ప్లాస్టిక్‌వి. ప్రయాణికుల్ని కాపాడే స్తంభాల్లాంటి భాగాలకు బాగా గట్టి ఉక్కు వాడుతున్నారు. దాన్ని కాల్చితే బలం పోతుంది. అందుకే అలాంటి భాగం దెబ్బతింటే సాగదీయొద్దు, కాల్చొద్దు, మార్చేయమని కంపెనీలే చెబుతాయి. అది ప్రాణాలకు సంబంధించిన విషయం కాబట్టి సరైన మాటే. మిగతా ముక్కలకు కూడా ఇన్సూరెన్స్ ఉంటే పాతది తీసి కొత్తది బిగించడమే అందరికీ సుఖం. గంటలో పని అయిపోతుంది.

దాంతో కుర్రాళ్లకు ఈ పని నేర్చుకునే అవకాశమే తగ్గిపోయింది. ఇది పుస్తకం చదివితే వచ్చేది కాదు. పదీపదిహేనేళ్లు రోజూ సొట్టలు తీస్తేనే ఏ చప్పుడుకు ఆపాలో చెవికి పట్టుబడుతుంది. రోజూ తీయడానికి సొట్టలుండాలి, పక్కన నిలబడి ''అక్కడ కాదురా, ఇక్కడ కొట్టు'' అనేవాళ్లుండాలి. ఇప్పుడు ఆ రెండూ ఒకేచోట దొరికేది పాత బండ్ల దగ్గరే.

పాత బండ్ల విలువ చట్టానికీ తెలిసింది. 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న కార్లకూ, ద్విచక్రవాహనాలకూ 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలుగా ప్రత్యేక రిజిస్ట్రేషన్ తెచ్చింది. నంబరు ప్లేటు మీద 'వీఏ' అక్షరాలుంటాయి. అయితే బాడీనీ, చాసిస్‌నూ ఇష్టమొచ్చినట్లు మార్చేసిన బండికి ఆ గౌరవం దక్కదు. అంటే పాత ఆకారాన్ని పాతగానే నిలబెట్టే చేతులు కావాలన్నమాట. పాత వాహనాల సంఘాల అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్ఐవీఏ 2012లో ఆమోదించిన టూరిన్ చార్టర్ చెప్పేదీ ఇదే. వీలైనంతవరకూ అసలు భాగాన్నే కాపాడాలి, కొత్తగా ఏం చేర్చినా రాసిపెట్టాలి.

ఇంట్లో పాత బండి ఉన్నవాళ్లు పాటించాల్సిందీ అదే. మడ్‌గార్డు కింద నాలుగు అంగుళాలు తుప్పుపడితే ఆ నాలుగు అంగుళాలే మార్చమనాలి. మొత్తం తీసి పారేస్తే మళ్లీ అలాంటిది దొరకదు. మారిస్తే ఏం మార్చారో ఫొటోలు తీసి పెట్టుకోవాలి.

బండి కొనేటప్పుడైతే చిన్న పరీక్ష. ఫ్రిజ్ తలుపు మీద అంటించే అయస్కాంతం ఒకటి తీసుకుని, గీతలు పడకుండా పల్చటి గుడ్డలో చుట్టి రేకు మీద ఆనించండి. అన్నిచోట్లా ఒకేలా లాగితే సరే. ఒకచోట పట్టు తప్పి జారిపోతే దాని కింద లప్పం దట్టంగా ఉందని అర్థం. ఉక్కు రేకుకే ఈ పరీక్ష. ప్లాస్టిక్, అల్యూమినియం భాగాల మీద ఎలాగూ పట్టదు.

బాగుచేయించేటప్పుడు అయస్కాంతం కన్నా మంచి ఉపాయం ఒకటుంది. పని ఒప్పుకునేటప్పుడే, ''రంగు వేసేముందు ఒకసారి కబురు పెట్టండి మేస్త్రీగారూ, రేకు చూస్తాం'' అనాలి. లప్పం పూయకముందు, ప్రైమర్ కొట్టకముందు షెడ్డుకు వెళ్లాలి. పిల్లల్నీ తీసుకెళ్తే మంచిది. అప్పుడు బండి అందంగా ఏమీ ఉండదు. బూడిదరంగు రేకు, ఆకురాయి గీతలు, గ్యాస్ మంటకు నీలంగా కమిలిన మచ్చలు, అతుకుల వరసలు... అంతా కనిపిస్తుంది. మేస్త్రీ చేసిన పని పూర్తిగా కనబడేది ఆ ఒక్కరోజే. ఆ తర్వాత ఎవరికీ కనబడదు.

చూడ్డానికి వస్తారని తెలిస్తే తొందర పని చేసేవాడు జాగ్రత్త పడతాడు. ఒళ్లు దాచుకోకుండా చేసినవాడైతే గుడ్డముక్క ఒకటి మీ చేతికిచ్చి, ''రాసి చూడండి సార్'' అంటాడు. రాసి చూడండి. ఎక్కడ సొట్ట ఉండేదో అరచేతికి దొరక్కపోతే, ఇక రంగు వేయమని చెప్పొచ్చు.